యాన్ యూనిఫాం

ఇంగ్లీషు మాస్టారుగా నేను చేసిన ఒక తెలివితక్కువ పని చాలాకాలంగా మనసులో నలుగుతోంది. ఒక మాట ముందు ‘ఎ’ పెట్టాలా ‘యాన్’ పెట్టాలా అన్నదాని గురించి. వినడానికి ఇది చెప్పుకోవలసినంత విషయంలా ఉండదు. ఒకదాని బదులు ఇంకొకటి రాసినంత మాత్రాన ఎవరికీ అర్థం చెడదు. అయినా నా ఎదుట బల్లల మీద కూర్చున్న పిల్లలకి నేను దాన్ని తప్పుగా చెప్పాను. ఒక పిల్ల సరిగ్గా రాస్తే కొట్టేశాను. ఒక పిల్లవాడు ఎందుకని అడిగితే నోరు మూయించాను. మొదటి రెండిటికంటే ఈ మూడోది నన్ను ఎక్కువ బాధపెడుతుంది.

నేను చెప్పిన సూత్రం మన బడుల్లో చదివిన వాళ్లందరికీ తెలిసిందే. ఇంగ్లీషు అక్షరాలు 26. అందులో ఏ, ఈ, ఐ, ఓ, యు అనే 5 అచ్చులు, తక్కిన 21 హల్లులు. అచ్చుతో మొదలయ్యే మాట ముందు ‘యాన్’, హల్లుతో మొదలయ్యే మాట ముందు ‘ఎ’. ఎ క్యాట్, ఎ డాగ్, యాన్ ఎగ్, యాన్ అంబ్రెల్లా. ఈ సూత్రం కింద గైడులో గీతలు గీసిన ఒక డబ్బా ఉండేది. అందులో సూత్రానికి లొంగనివి ఉండేవి. హెచ్‌తో మొదలైనా ‘యాన్’ తీసుకునేవి ఒక వరస: అవర్, ఆనర్, ఆనెస్ట్, వారసుడని అర్థం వచ్చే ఎయిర్. అచ్చుతో మొదలైనా ‘ఎ’ తీసుకునేవి ఇంకో వరస: యూనివర్సిటీ, యూనియన్, యూరోపియన్, వన్‌రుపీ నోట్. పదో తరగతిలో ఆ డబ్బాని బట్టీ పెట్టాను. డీఎస్సీకి చదివినప్పుడు మళ్లీ అదే డబ్బా. బిట్ పేపర్లో ‘హి ఈజ్ డాష్ ఆనెస్ట్ మ్యాన్’ అని వస్తే కళ్లు మూసుకుని రాసేవాణ్ని. మార్కు వచ్చేది. మార్కు వచ్చింది కాబట్టి నాకు విషయం వచ్చనుకున్నాను. ఉద్యోగం వచ్చాక ఆ డబ్బానే నల్లబల్ల మీదికి ఎక్కించాను.

ఏడో తరగతిలో ఒక పిల్లవాడు లేచి అడిగాడు. “సార్, హార్సుకీ హెచ్చే, అవర్‌కీ హెచ్చే. దానికి ‘ఎ’, దీనికి ‘యాన్’ ఎందుకు సార్?”

“అవి ఎక్సెప్షన్స్ రా. బట్టీ పెట్టాల్సిందే. ఇంగ్లీషులో అంతే.”

వాడు కూర్చున్నాడు. వాడి ప్రశ్నకి చక్కటి సమాధానం ఉంది. హార్సు ఇంగ్లీషు వాళ్ల సొంత మాట. అవర్, ఆనర్, ఆనెస్ట్, ఎయిర్ ఫ్రెంచి నుంచి వచ్చినవి. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక ఫ్రెంచి మాటలు గుంపులుగా ఆ భాషలోకి దిగాయి. ఫ్రెంచి వాళ్లు ఆ మాటల్లో హెచ్ రాస్తారే గాని పలకరు. ఆ పలకని హెచ్ అలాగే వచ్చి అలాగే ఉండిపోయింది. హాస్పిటల్, హ్యూమన్, హోస్ట్ కూడా ఆ దారినే వచ్చాయి గాని, రాతలో హెచ్ కనిపిస్తోంది కదా అని జనం కాలక్రమంలో పలకడం మొదలుపెట్టారు. మూలిక అని అర్థం వచ్చే మాటని ఇంగ్లండు వాళ్లు హెర్బ్ అంటారు, అమెరికా వాళ్లు నేటికీ అర్బ్ అనే అంటారు. కాబట్టి ఇంగ్లండులో ‘ఎ’, అమెరికాలో ‘యాన్’. ఇదంతా ఏడో తరగతి పిల్లవాడికి ఐదు నిమిషాల్లో కథలా చెప్పొచ్చు. నాకు తెలియదు. తెలియకపోవడం నేరం కాదు, తెలుసుకుని రేపు చెబుతానురా అంటే సరిపోయేది. నేను ‘అంతే’ అన్నాను. ఆ తర్వాత ఆ తరగతిలో ఆ సంవత్సరమంతా ఇలాంటి ప్రశ్న ఇంకెవరూ అడగలేదు.

ఆ అమ్మాయి సంగతి ఇంకో సంవత్సరానిది. బడి వార్షికోత్సవం మీద వ్యాసం రాయమన్నాను. ముఖ్య అతిథిగా ఒక శాసనసభ్యుడు వచ్చారని రాస్తూ ‘యాన్ ఎమ్మెల్యే’ అని రాసింది. ఎర్ర ఇంకుతో ‘యాన్’లో చివరి అక్షరం కొట్టేసి పక్కన అర మార్కు తగ్గించాను. పిల్ల నోటుపుస్తకం పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది.

“టీవీలో ఇంగ్లీషు వార్తల్లో ఇలాగే అంటారు సార్.”

“టీవీ వాళ్లకి గ్రామర్ పట్టదమ్మా. నువ్వు చెప్పు, ఎం అచ్చా, హల్లా?”

“హల్లు సార్.”

“మరి?”

ఆ ‘మరి’కి ఆ పిల్ల దగ్గర జవాబు లేదు. తిరిగి వెళ్లి, తను సరిగ్గా విని సరిగ్గా రాసినదాన్ని నా మాట మీద తప్పుగా దిద్దుకుంది. చెవితో నేర్చుకున్న పిల్ల అది. భాష నేర్చుకోవడానికి అంతకంటే మంచి దారి లేదు. ఆ దారి తప్పని నేను చెప్పాను.

నా కళ్లు తెరిపించింది రాజ్యాంగం. నవంబరు 26న రాజ్యాంగ దినోత్సవానికి పిల్లల చేత ఇంగ్లీషులో చిన్న ప్రసంగాలు చెప్పించాలని ఆదేశిక సూత్రాల పాఠం ముందేసుకుని కూర్చున్నాను. 44వ అధికరణం దగ్గర ఆగిపోయాను. పౌరులందరికీ ఒకే పౌరస్మృతి ఉండేలా రాజ్యం ప్రయత్నించాలని చెప్పే వాక్యం అది. అందులో ‘ఎ యూనిఫాం సివిల్ కోడ్’ అని ఉంది. ముద్రణ దోషం అనుకున్నాను. ఆ నెలలోనే బడి నియమాల పాఠం చెబుతూ ‘వేర్ యాన్ యూనిఫాం’ అని నల్లబల్ల మీద రాసి పిల్లల చేత పుస్తకాల్లో ఎక్కించి ఉన్నాను. యు అచ్చు. యూనిఫాం నా డబ్బాలో లేదు. డబ్బాలో లేనిదానికి సూత్రమే వర్తించాలి కదా. ఇంకో ప్రచురణ తీసి చూశాను. అందులోనూ ‘ఎ’. అంబేడ్కర్ అధ్యక్షుడిగా ఉన్న ముసాయిదా సంఘం తయారుచేసింది, రాజ్యాంగసభ మాటమాటా చర్చించి 1949లో ఆమోదించింది. అలాంటి పాఠంలో తప్పు దొర్లిందని వెంటనే నమ్మగలిగాను. నా సూత్రంలో తప్పుందేమోనన్న ఆలోచన మాత్రం చాలాసేపటికి గాని రాలేదు.

అప్పుడు నిఘంటువు తీశాను. అది ఎన్నో ఏళ్లుగా నా బల్ల మీదే ఉంది. అర్థాలకి తప్ప దేనికీ తెరవలేదు. ప్రతి మాట పక్కనా రెండు వాలుగీతల మధ్య ఆ మాటని ఎలా పలకాలో గుర్తులతో రాసి ఉంటుంది. వాటి మీదుగా కళ్లు జారిపోయేవి. ఆ రోజు యూనిఫాం దగ్గర ఆ గుర్తులు చదివాను. మొదటి గుర్తు ‘య’ ధ్వనిది. అవర్ తీశాను. అక్కడ ‘హ’ ధ్వని లేనే లేదు. యూరోపియన్‌కీ యూనివర్సిటీకీ ‘య’. వన్ అనే మాట ఓ అక్షరంతో రాసినా మొదటి ధ్వని ‘వ’. డబ్బాలో ఉన్నవన్నీ ఒక్కొక్కటే చూసుకుంటూ పోయాను. ఒక్కటి కూడా సూత్రానికి విరుద్ధంగా లేదు. అసలు సూత్రం అక్షరం గురించి కాదు, ధ్వని గురించి. తర్వాత వచ్చే మాట నోట్లో ఏ ధ్వనితో మొదలవుతుందో అదే నిర్ణయిస్తుంది, కాగితం మీద ఏ అక్షరంతో మొదలైనా సరే. ఆ ఒక్క సంగతి తెలిస్తే డబ్బా అక్కర్లేదు. నేను పిల్లల చేత బట్టీ పట్టించిన మినహాయింపులన్నీ నా తప్పుడు సూత్రం పుట్టించిన మినహాయింపులు.

ఎమ్మెల్యే సంగతి కూడా అప్పుడే అర్థమైంది. ఎం అక్షరం హల్లే. కానీ ఆ అక్షరం పేరు ‘ఎ’ ధ్వనితో మొదలవుతుంది. పొడి అక్షరాలుగా చదివే చోట పలికేది పేరునే. ఎఫ్, హెచ్ (నిఘంటువులో ఎయిచ్), ఎల్, ఎం, ఎన్, ఆర్, ఎస్, ఎక్స్ అనే 8 హల్లుల పేర్లు అచ్చు ధ్వనితోనే మొదలవుతాయి. అందుకే యాన్ ఎఫ్ఐఆర్, యాన్ ఎల్ఐసి పాలసీ, యాన్ ఆర్టీసీ బస్, యాన్ ఎస్ఐ, యాన్ ఎక్స్‌రే. యు అచ్చే అయినా దాని పేరు ‘య’తో మొదలవుతుంది కాబట్టి ఎ యుపిఎస్సి పేపర్. పొడి అక్షరాలు కలిసిపోయి ఒక మాటలా పలికితే మళ్లీ మారిపోతుంది. యాన్ ఎన్జీవో అంటాం, ఎ నాసా సైంటిస్ట్ అంటాం. రెండూ ఎన్ అక్షరంతోనే మొదలైనా ఒకదాన్ని పేర్లు పెట్టి చదువుతున్నాం, ఇంకోదాన్ని మాటగా పలుకుతున్నాం. అంకెలు కూడా అంతే: యాన్ ఎయిట్, యాన్ ఎలెవన్, యాన్ ఎయిటీన్ ఇయర్ ఓల్డ్ బాయ్. ఇదంతా ఆ అమ్మాయి చెవి ముందే పట్టుకుంది.

ఇక్కడితో నా బుద్ధితక్కువతనం అయిపోయుంటే బాగుండేది. అవ్వలేదు. తప్పు తెలిసిన ఉత్సాహంలో రెండోది చేశాను.

ఆరో తరగతి గదిలో నేను నిలబడే చోటికి సరిగ్గా వెనక గోడ మీద తెలుగు వర్ణమాల పటం ఉంది. అ నుంచి ఔ దాకా అచ్చులు ఒక వరస, క నుంచి హల్లులు కింద వరసలు. మనకి అచ్చు అంటే అచ్చు ధ్వనే, హల్లు అంటే హల్లు ధ్వనే. పలికినట్టు రాస్తాం, రాసినట్టు పలుకుతాం. ఇంగ్లీషు పిల్లలకి ఆ అదృష్టం లేదు. వాళ్ల దగ్గర అచ్చు అక్షరాలు 5, కానీ ఇంగ్లండు ప్రామాణిక ఉచ్చారణలో అచ్చు ధ్వనులు సుమారు 20. ఒక్కో అక్షరం ఎన్నో వేషాలు వేస్తుంది. మన పిల్లవాడు ఒకటో తరగతికే ధ్వనిని ధ్వనిగా గుర్తుపట్టడం నేర్చుకుని ఉంటాడు. ఇది చూసి నాకు పట్టరాని సంతోషం కలిగింది. వెంటనే కొత్త సూత్రం రాశాను: ఇంగ్లీషు మాటని తెలుగు లిపిలో రాయండి. మొదటి అక్షరం మన అచ్చయితే ‘యాన్’, మన హల్లయితే ‘ఎ’.

పరీక్షించాం. అవర్: అచ్చు. ఆనెస్ట్: అచ్చు. యూనిఫాం: హల్లు. వన్: హల్లు. యూరోపియన్: హల్లు. పిల్లలకి ఆటలా అయిపోయింది. ఇంకో మాట చెప్పండి సార్, ఇంకో మాట చెప్పండి సార్ అని మీద పడ్డారు. సరే, మీరే వచ్చి మీకు నచ్చిన మాట రాయండి అన్నాను. ఒక పిల్ల వచ్చి సుద్దముక్క తీసుకుని ‘యాపిల్’ అని రాసింది. దాని ముందు, నేను చెప్పిన సూత్రాన్ని అక్షరాలా పాటించి, ‘ఎ’ పెట్టింది.

ఇంగ్లీషు మొదటి పాఠంలో మొదటి ఉదాహరణ అది. యాన్ యాపిల్. ఎల్‌కేజీ పిల్లవాడికి కూడా వచ్చు. నా కొత్త సూత్రం అక్కడే పడిపోయింది. ఆ తర్వాత వరసగా వచ్చాయి. యాక్టర్, యాంకర్, యాక్సిడెంట్, యాసిడ్, యాప్. అన్నీ మనం ‘యా’ పెట్టి రాసేవే, అన్నీ ‘యాన్’ తీసుకునేవే. వాటి పక్కనే గజం అని అర్థం వచ్చే యార్డ్ ఉంది, అది ‘ఎ’ తీసుకుంటుంది. నేనేం చెప్పాలి?

ఆ సాయంత్రం అదే ఆలోచన. కారణం లిపిలో ఉంది. యాపిల్ మొదట్లో ఉన్న ధ్వని మన వర్ణమాలలో లేదు. నోరు బాగా తెరిచి, నాలుకని ముందుకి ఉంచి పలికే అచ్చు అది. ‘ఆ’ కాదు, ‘ఏ’ కాదు. దాన్ని రాయడానికి మనం ‘యా’ని ఒక గుర్తుగా వాడుకుంటున్నాం. అందుకే ఒకరు ఆపిల్ అని రాస్తారు, ఇంకొకరు యాపిల్ అని రాస్తారు. అసలు ‘యాన్’ అనే మాటనే మనం ‘య’ పెట్టి రాస్తున్నాం కదా. అక్కడ ‘య’ కంటికి కనిపించే అక్షరమే గాని నోట్లో హల్లుగా పలకవలసింది కాదు. యార్డ్‌లో నిజంగా పలకాలి. నేను పిల్లల్ని ఇంగ్లీషు స్పెల్లింగ్ నుంచి విడిపించి తెలుగు స్పెల్లింగ్‌కి కట్టేశాను.

ఇంతకంటే లోతైన చిక్కు మన నాలుకలో ఉంది. ఇది తెలిశాకే నా మీద నాకు నమ్మకం తగ్గింది, మంచిదే అయింది. తెలుగు మాటలకి మొదట్లో యకారం రాదనీ, వు, వూ, వొ, వోలు రావనీ చిన్నయసూరి బాలవ్యాకరణంలో చెప్పాడు. అంటే మన సొంత మాటల్లో ‘ఎక్కడ’ అన్నా ‘యెక్కడ’ అన్నా తేడా లేదు. ‘ఒకటి’ అన్నా ‘వొకటి’ అన్నా అదే మాట. ‘ఇల్లు’, ‘యిల్లు’ రెండూ పాత ఉత్తరాల్లో కనిపిస్తాయి. ఈ తేడా మన చెవికి అక్కర్లేదు కాబట్టి మన చెవి దాన్ని పట్టించుకోవడం మానేసింది. ఇంగ్లీషులో ఆ తేడా మీదే మొత్తం వ్యవహారం నడుస్తుంది.

అందుకే మన బోర్డుల మీద యం.ఎ., యస్.ఐ., యల్.ఐ.సి. అని రాసి ఉంటుంది. యన్.టి.ఆర్. అని రాసేవాళ్లు ఎందరో. నేను కూడా ‘యమ్మెల్యే’ అనే పలికేవాణ్ని. నిఘంటువు చూసి ధ్వని సూత్రం తెలుసుకున్నాక కూడా, నా నోటిని నమ్ముకుని ఉంటే మళ్లీ ‘ఎ’ దగ్గరికే చేరేవాణ్ని. ఇక రెండో వైపు చూడండి. కొత్త సంవత్సరానికి న్యూ ఇయర్ అంటాం, చెవిలో పెట్టుకునేదాన్ని ఇయర్‌ఫోన్ అంటాం. సంవత్సరానికీ చెవికీ మన దగ్గర ఒకటే ‘ఇయర్’. ఇంగ్లీషులో సంవత్సరం ‘య’ ధ్వనితో మొదలవుతుంది కాబట్టి దానికి ‘ఎ’, చెవి ‘ఇ’తో మొదలవుతుంది కాబట్టి దానికి ‘యాన్’. పసుపు రంగుని ఎల్లో అంటాం, దాని మొదట ‘య’ ఉండాలి. పిండి పులవడానికి వేసేది ఈస్ట్ అంటాం, తూర్పు దిక్కు కూడా ఈస్టే. ఉన్నికి ఊలు అంటాం, దాని మొదట ‘వ’ ఉండాలి. ఆడమనిషిని ఉమన్ అంటాం, అక్కడా అంతే. లేని చోట ‘య’ చేరుస్తున్నాం, ఉన్న చోట తీసేస్తున్నాం.

మరునాడు తరగతిలో సంవత్సరాన్నీ చెవినీ పక్కపక్కన పెట్టి పలికించాను. మొదట ఎవరికీ తేడా వినపడలేదు. నాకూ నా గొంతులో వినపడలేదు. చెవి అన్నప్పుడు నాలుక కదలకుండా నేరుగా ‘ఇ’ మీద మొదలుపెట్టమన్నాను. సంవత్సరం అన్నప్పుడు ముందు ‘య్’ అని నాలుక మధ్యభాగాన్ని అంగిలి వైపు బిగించి, అక్కణ్నుంచి జారమన్నాను. బిగింపు, జారడం. పిల్లలు బుగ్గలు పట్టుకుని, గొంతు మీద చెయ్యి వేసుకుని చేశారు. కొంతసేపటికి వెనక బెంచీలో ఒకడు స్పష్టంగా రెండు వేరు మాటలు పలికాడు. వాణ్ని ముందుకి పిలిచి అందరికీ వినిపించమన్నాను. నేను కూడా వాడి దగ్గరే నేర్చుకున్నాను.

ఎందుకు ఈ రెండు రూపాలు వచ్చాయన్న ప్రశ్న కూడా నేను ఏనాడూ వేసుకోలేదు. ‘ఎ’కి ‘న్’ చేరిస్తే ‘యాన్’ అవుతుందని అనుకునేవాణ్ని. జరిగింది తలకిందులు. పాత ఇంగ్లీషులో ఒకటి అనే అంకెకి ఆన్ అనే మాట ఉండేది. దాని బరువు తగ్గి, అంకెగా కాక ఊరికే ‘ఒకానొక’ అనే అర్థంలో వాడుక పెరిగింది. 12వ శతాబ్దం నుంచి నెమ్మదిగా హల్లు ముందు దాని చివరి ‘న్’ జారిపోయింది, అచ్చు ముందు నిలబడింది. మనకిది కొత్తేమీ కాదు. ‘ఒక ఊళ్లో ఒక రాజు’ అనేదాన్ని ‘ఓ ఊళ్లో ఓ రాజు’ అంటాం. అంకె కాస్తా కథల్లో అరిగిపోయి ‘ఓ’ అయింది.

రెండు అచ్చులు పక్కపక్కన వస్తే నోటికి ఇబ్బంది. ఈ ఇబ్బందిని చాలా భాషలు తమదైన పద్ధతిలో తీర్చుకుంటాయి. ఇంగ్లీషు తన పాత ‘న్’ని అక్కడ నిలుపుకుంది. తెలుగు ‘య’ని తెచ్చుకుంటుంది. మా, అమ్మ కలిస్తే మాయమ్మ. మా, ఇల్లు కలిస్తే మాయిల్లు. యడాగమం అని పదో తరగతి తెలుగు పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్నే నేను. తెలుగు గదిలో నేర్చినది ఇంగ్లీషు గదిలోకి తీసుకువెళ్లాలని తోచలేదు. రెండు గదుల మధ్య ఉన్నది ఒక్క గోడే.

ఈ ‘న్’ అటూ ఇటూ గెంతిన కథలు పిల్లలకి బాగా నచ్చాయి. క్రికెట్‌లో అంపైర్ అంటామే, అది మొదట ‘న’తో మొదలయ్యే మాట. జత కానివాడు, అంటే ఇద్దరి మధ్య మూడోవాడు, అని అర్థం వచ్చే ఫ్రెంచి మాట నుంచి వచ్చింది. ‘ఎ నంపైర్’ అన్నట్టుగా ఉన్నదాన్ని వినేవాళ్లు ‘యాన్ అంపైర్’ అని విడగొట్టుకున్నారు. ‘న’ ముందు మాటకి పోయింది. వంటప్పుడు కట్టుకునే ఏప్రన్‌కీ అంతే జరిగింది, అది ఒకప్పుడు నేప్రన్. కొన్ని చోట్ల ఇటునుంచి అటు కూడా పోయింది. నిక్‌నేమ్‌లో మొదటి ‘న’ దానిది కాదు, ముందున్న ‘యాన్’ నుంచి తెచ్చుకున్నది. ఆరెంజ్ కథ ఇంకాస్త దూరానిది. మన నారింజలో ఉన్న ‘న’ సంస్కృత నారంగంలో ఉంది, పారశీకంలో ఉంది, స్పానిష్‌లో ఉంది. ఇంగ్లీషు దాకా చేరకముందే దారిలో యూరపు భాషల్లో రాలిపోయింది. “అయితే అసలు మాట మన దగ్గరే సరిగ్గా ఉంది కదా సార్” అన్నాడొకడు. ‘న’ మట్టుకు మన దగ్గర నిలిచిందన్నాను.

ఈ వెతుకులాటలో ఒకచోట నా పాత తప్పుకి ఆధారం దొరికిందని కాసేపు మురిసిపోయాను. 1787 నాటి అమెరికా రాజ్యాంగంలో పౌరసత్వం గురించి చెప్పే చోట ‘యాన్ యూనిఫాం’ అనే ఉంది. నేను నల్లబల్ల మీద రాసిందే. 1611లో అచ్చయిన ఇంగ్లీషు బైబిల్లో హౌస్ ముందు, హండ్రెడ్ ముందు ‘యాన్’ ఉంటుంది. వన్ ముందు కూడా ‘యాన్’ కనిపిస్తుంది, ఎందుకంటే వన్‌కి ముందున్న ‘వ’ తర్వాతి కాలంలో స్థిరపడింది. అలోన్, ఓన్లీ అనే మాటల్లో పాత ఉచ్చారణ ఇంకా అలాగే ఉంది. యు అక్షరంతో మొదలయ్యే మాటల ముందు ‘యాన్’ రాయడం ఆనాటి రాతపద్ధతి. కానీ వాళ్లు తమ కాలపు అలవాటు ప్రకారం రాశారు, నేను ఏ అలవాటూ తెలియకుండా రాశాను. ఆ ఆధారం నాకు పనికిరాదు.

ఇంకో చిన్న సంగతి గబగబా చెప్పేస్తాను, నా డబ్బాలో ఇది కూడా లేదు. చూడవలసింది వస్తువు పేరుని కాదు, వెంటనే వచ్చే మాటని. యాన్ అంబ్రెల్లా, కానీ ఎ బ్లాక్ అంబ్రెల్లా. ఎ మ్యాన్, కానీ యాన్ ఓల్డ్ మ్యాన్, మళ్లీ ఎ వెరీ ఓల్డ్ మ్యాన్. నోరు పక్క మాట మీదికే జారుతుంది కదా. ‘ద’ అనాలా, ‘ది’ అనాలా అన్నదీ ఇంతే.

హెచ్ అక్షరం ఒక్కటే నాకు ఇంకా తెగలేదు. ఆ అక్షరం పేరుని నిఘంటువులు ‘ఎయిచ్’ అంటాయి. కాబట్టి యాన్ హెచ్ఆర్ మేనేజర్, యాన్ హెచ్ఎంటి వాచ్ అని రాయాలి. మన దగ్గర ఎవరూ ఎయిచ్ అనరు, అందరం హెచ్ అంటాం. ఐర్లండులో కూడా చాలామంది ‘హ’తోనే అంటారు. పలికే ధ్వనిని బట్టే నిర్ణయించాలని చెబుతూ, తను ‘హ’ని నిజంగా పలికే పిల్ల ‘ఎ హెచ్ఎంటి వాచ్’ అని రాస్తే దాన్ని తప్పని ఎలా కొట్టను? కొట్టను. పరీక్ష దిద్దే ఇంకో మాస్టారు కొట్టవచ్చునని మాత్రం ముందే చెబుతాను. హిస్టారిక్ ముందు ‘యాన్’ రాసేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ మాటలో మొదటి భాగాన్ని తేలిగ్గా పలుకుతారు కాబట్టి హెచ్ నీరసపడుతుందని వాళ్ల వాదన. అదీ కొట్టను.

మిగిలింది ఆ ఇద్దరు పిల్లల సంగతి. అర మార్కు ఇప్పుడు తిరిగి వేయలేను, వేసినా ఆ పిల్లకి అక్కర్లేదు. ఏడో తరగతి పిల్లవాడు ఆ ప్రశ్న మరిచిపోయి ఉండొచ్చు. వాడు ఎక్కడైనా ఎదురైతే నార్మన్ల కథ చెప్పాలని ఉంది. ఇప్పుడు తరగతిలో ఎవరైనా ‘ఎందుకు’ అంటే, తెలియకపోతే ఆ ప్రశ్నని నల్లబల్ల కుడివైపు మూల రాయించి తుడవకుండా ఉంచుతున్నాను. రెండు మూడు అలా రోజుల తరబడి ఉండిపోతాయి. జెడ్ అక్షరాన్ని అమెరికా వాళ్లు జీ అని ఎందుకంటారన్నది ఈ వారం ప్రశ్న.

మా బడిలో ఇంకో ఇంగ్లీషు మాస్టారికి నా పద్ధతి నచ్చలేదు. “పబ్లిక్ పరీక్షలో బిట్లు ఆ డబ్బాలోంచే వస్తాయి మాస్టారూ. పిల్లల్ని ధ్వనులు, నాలుకలు అంటూ తిప్పితే టైం ఎక్కడిది? జాబితా ఇచ్చేయండి” అంటారు. ఆయన మాటలో నిజం ఉంది. పరీక్షకి నెల రోజులు ఉన్న పిల్లవాడికి జాబితా పనికొస్తుంది. చాలాసేపు వాదించుకుని ఒక ఒప్పందానికి వచ్చాం. పదో తరగతికి జాబితా ఆయన ఇస్తారు. ఆరో తరగతికి జాబితా ఇవ్వం. అక్కడ ప్రతి మాటా పైకి పలికి, చెవితో విని, ఆ తర్వాతే రాయాలి. యాపిల్ దగ్గర, సంవత్సరం దగ్గర, ఎమ్మెల్యే దగ్గర ఆగి మరీ పలకాలి. ఈ పిల్లలు పదికి వచ్చేసరికి జాబితా అవసరమవుతుందో లేదో అప్పుడు చూద్దామన్నారాయన. నేను సరేనన్నాను.